‘ఫైన్’ అన్నారంటే ఏమన్నట్టు?

నాకు తెలిసిన మొదటి ఇంగ్లీషు విశేషణం బడిలో నేర్చుకున్నది కాదు. మిర్యాలగూడలో మా నాన్న ఒక రైస్ మిల్లులో గుమస్తా. సెలవుల్లో నాన్నకి టిఫిన్ డబ్బా ఇవ్వడానికి పోతే, అక్కడ గోనె బస్తాల మీద రేకు అచ్చు ఆనించి నీలం రంగు పూస్తుండేవాళ్లు. ‘సూపర్ ఫైన్’. ఫైన్ అంటే ఏంది నాన్నా అని అడిగితే గుప్పెడు బియ్యం నా అరచేతిలో పోసి, “సన్నగున్నయి సూడు, గదే” అన్నాడు. ఆ ఏడే బడికి ఆలస్యంగా పోయినందుకు పావలా కట్టమన్నారు. దాన్నీ ఫైనే అన్నారు. కొన్నాళ్లకి ఇంగ్లీషు సారు లేపి నిలబెట్టి ‘హౌ ఆర్ యూ’ అని అడిగి, ‘ఐ యామ్ ఫైన్’ అని చెప్పమన్నాడు. నేను ఎలాగూ పుల్లలా సన్నగా ఉండేదాన్ని, నాకేం అనుమానం రాలేదు. పక్కన కూర్చునే బొద్దు పిల్ల కూడా లేచి ‘ఐ యామ్ ఫైన్’ అన్నాక ఎక్కడో తేడా కొట్టింది.

ఇరవై రెండేళ్లుగా మా ఇంటి వరండాలో సాయంత్రాలు ఇంగ్లీషు చెబుతున్నాను. నర్సింగ్ చదివే పిల్లలు వస్తారు. మిల్లుల్లో, దుకాణాల్లో లెక్కలు రాసే కుర్రాళ్లు వస్తారు. కూతురి కాన్పుకో కోడలి కాన్పుకో అమెరికా పోబోయే అమ్మలు వస్తారు. ఎవరొచ్చినా మొదటి వారం చెప్పేది ఈ ఒక్క మాటే. పెద్ద పెద్ద మాటలకు భయపడనక్కర్లేదు, నిఘంటువు తీస్తే దొరుకుతాయి. ఇట్లాంటి రెండక్షరాల మాటలే కాళ్లకు అడ్డం పడతాయి. ‘ఫైన్’ అని తీసి చూడండి: బాగున్న, మేలైన, సన్నని, మెత్తని, సున్నితమైన, నిర్మలమైన, జరిమానా. ఇన్నింట్లో ఏది ఎక్కడ వాడాలో నిఘంటువు చెప్పదు.

నేను చెప్పే కిటుకు ఒకటే. అర్థం వెతకొద్దు, ఎదురు మాట వెతకండి. అక్కడున్నది ‘ఫైన్’ కాకపోతే ఇంకేమై ఉండేది అని మిమ్మల్ని మీరే అడగండి. బియ్యం ఫైన్ కాకపోతే దొడ్డు బియ్యం. మనిషి ఫైన్ కాకపోతే ఒంట్లో బాగాలేదు. ఇంగ్లండులో ఆకాశం ఫైన్ కాకపోతే వాన పడుతోంది. ఎదురు మాట దొరికిందా, తెలుగు మాట దానంతటదే వస్తుంది.

జల్లెడతో మొదలుపెడదాం, ఎందుకంటే మిల్లు ఊరి వాళ్లకి అదే సులువు. ఈ వాడకంలో ఎదురు మాట ‘కోర్స్’, అంటే బరక, దొడ్డు, ముతక. వరిలో ఇది రోజూ వినేదే. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో వచ్చిన సాంబా మసూరి, అంటే బీపీటీ 5204, ఫైన్ రకం. రాజేంద్రనగర్ నుంచి వచ్చిన తెలంగాణ సోనా, ఆర్‌ఎన్‌ఆర్ 15048, అదీ ఫైన్ రకమే. 2024 వానాకాలం నుంచి మన దగ్గర సర్కారు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇస్తున్నది ఈ సన్న వడ్లకే. 2025 ఉగాదికి పక్కనున్న హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టి రేషన్ షాపుల్లో ఇస్తున్నదీ సన్న బియ్యమే. ఇంగ్లీషు పేపర్లు దీన్ని ‘ఫైన్ రైస్’ అని రాస్తే, అది మంచి బియ్యమని కాదు, గింజ సన్నమని. దొడ్డు బియ్యం తిని పెరిగిన మా అమ్మ ముందు సన్నవే మంచివని అన్నారంటే ఇంట్లో యుద్ధమే.

ఇక్కడ తెలుగులో ఒక మెలిక ఉంది. ఇంగ్లీషు వాడికి ఒక్క ‘ఫైన్’ చాలు, మనకి చాలదు. దారం ఫైన్ అయితే సన్నని దారం, పిండి ఫైన్ అయితే మెత్తని పిండి, రవ్వ ఫైన్ అయితే సన్న రవ్వ. సన్నని పిండి అంటే మనకే నవ్వొస్తుంది. వంటల వీడియోలో ‘ఫైన్‌లీ చాప్‌డ్’ అంటే సన్నగా తరగమని, ‘ఫైన్‌లీ గ్రౌండ్’ అంటే మెత్తగా రుబ్బమని. ఇల్లు కట్టేచోట మేస్త్రీలతో ఇంజనీరు ‘ఫైన్ అగ్రిగేట్’ అంటే ఇసుక. దానికో కొలత కూడా ఉంది: 4.75 మిల్లీమీటర్ల జల్లెడలోంచి దిగేది ఫైన్, మీద నిలిచేది కోర్స్. చలికాలం హైదరాబాదు గాలి గురించి వార్తల్లో వచ్చే పీఎం 2.5 కూడా ఈ జాతిదే. 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్న ధూళి కణాలని ‘ఫైన్ పార్టికల్స్’ అంటారు. ఫైన్ అని పేరు పెట్టుకుని ఊపిరితిత్తుల లోపలిదాకా దూరేవి అవే. మా వరండాలో ఒకడు, “పేరు మంచిగనే ఉన్నది గద మేడం, పని ఏంది ఇట్లున్నది” అన్నాడు. ఎదురు మాట వెతకరా అన్నాను.

జుట్టు దగ్గర చాలామంది మోసపోతారు. ‘షి హాజ్ ఫైన్ హెయిర్’ అంటే ఒత్తయిన మంచి జుట్టు కాదు, ఒక్కో వెంట్రుకా సన్నగా ఉంటుందని. నా దగ్గర చదువుకుని డల్లాస్ పోయిన ఒకావిడ, మనవరాలి జుట్టు కత్తిరించే అమ్మాయి ఈ మాట అనగానే పొంగిపోయి మూడుసార్లు థ్యాంక్యూ చెప్పిందట. ఇంటికొచ్చాక కూతురు అసలు సంగతి చెప్పింది. ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోదు, “దాని జుట్టు మంచిగనే ఉన్నది” అంటుంది.

ఆవిడదే ఇంకో కథ. పిల్లల డాక్టరు దగ్గర కాగితం ఇచ్చారు, అందులో ‘ఫైన్ మోటార్ స్కిల్స్’ అని ఉంది. మాకు మోటారు అంటే బోరు మోటారే. ఏడాది పిల్లకి మోటారుతో ఏం పని అని ఆమె బెంగపెట్టుకుని నాకు ఫోన్ చేసింది. అదే కాగితంలో ఇంకో వరస ఏముందో చదవమన్నాను. ‘గ్రాస్ మోటార్ స్కిల్స్’ అని ఉంది. అదీ ఎదురు మాట. గ్రాస్ అంటే పాకడం, నడవడం, బంతి తన్నడం లాంటి పెద్ద కదలికలు. ఫైన్ అంటే వేళ్లతో చేసేవి: బొరుగు గింజ ఏరుకుని నోట్లో వేసుకోవడం, బొత్తాం పెట్టుకోవడం, పెన్సిల్ పట్టుకోవడం. “గింజ ఏరుతదా? నేల మీద ఏది దొరికినా నోట్లనే” అన్నది. అయితే ఫైన్ అని రాయమ్మా అన్నాను.

నర్సింగ్ పిల్లలకి నేను గట్టిగా చెప్పేది సూది గురించి. గడ్డలోంచి సూదితో కణాలు తీసి చూసే ఎఫ్‌ఎన్‌ఏసీ పరీక్షలో మొదటి రెండక్షరాలు ‘ఫైన్ నీడిల్’. ఒక అమ్మాయి ఒక ఆసుపత్రిలో శిక్షణలో ఉండగా పెద్దాయనకి “మంచి సూదితో చేస్తారు తాతా” అని చెప్పిందట. తాత వెంటనే, “అంటే నిన్నటిది మంచిది కాదా?” అన్నాడు. సన్న సూది అని చెప్పి ఉంటే ఆయనకి ధైర్యం వచ్చేది. ఇంకో గమ్మత్తు కూడా చెబుతాను: ఈ లోకంలో సన్నదనం పెరిగేకొద్దీ అంకె పెరుగుతుంది. ఇరవై గేజ్ సూది కంటే ఇరవై అయిదు గేజ్ సూది సన్నం. నలభై నంబరు నూలు కంటే వంద నంబరు నూలు సన్నం, చీర నేసేవాళ్లని అడగండి. గరుకు కాగితమూ అంతే, అరవై బరక, నాలుగు వందలు నునుపు. ‘ఫైనర్’ అని కనిపిస్తే పెద్ద అంకె వైపు చెయ్యి చాచండి.

ఇక మనుషుల సంగతి. అసలు చిక్కంతా ఇక్కడే, నాకు సగం సాయంత్రాలు ఇక్కడే గడిచిపోతాయి.

‘ఫైన్’ నామవాచకానికి ముందు కూర్చుంటే ఒక బరువు, వాక్యం చివర కూర్చుంటే ఇంకో బరువు. ‘హి ఈజ్ ఎ ఫైన్ డాక్టర్’ అంటే చేతివాసి ఉన్న గొప్ప డాక్టరు. ‘ది డాక్టర్ ఈజ్ ఫైన్’ అంటే డాక్టరుగారికి ఏమీ కాలేదు, క్షేమమే. ‘దట్ వాజ్ ఎ ఫైన్ మీల్’ అంటే భోజనం అదిరింది. ‘ది ఫుడ్ వాజ్ ఫైన్’ అంటే తిన్నాం, పర్వాలేదు. విందుకి పిలిచిన ఇల్లాలితో ఈ రెండోది అన్నారంటే ఆవిడ మొహం వాడిపోతుంది, ఎందుకో మీకు తెలియను కూడా తెలియదు.

ఇది తెలుగువాళ్లకి అర్థం చేయించడం నిజానికి ఎంత సులువో నాకు ఆలస్యంగా తట్టింది. మన దగ్గర ‘నే’ ఉంది కదా. కూర బాగుంది అంటే మెచ్చుకోలు. కూర బాగానే ఉంది అంటే? అత్తగారు రెండు ముద్దలు తిని, నీళ్లు తాగి, “బాగానే ఉంది” అంటే కోడలు ఆ ‘నే’ ని రాత్రంతా మోస్తుంది. వాక్యం చివర కూర్చునే ‘ఫైన్’ లో ఆ ‘నే’ దాక్కుని ఉంటుంది. ‘యువర్ రిపోర్ట్ ఈజ్ ఫైన్’ అని ఆఫీసులో పైవాడు రాస్తే, రిపోర్టు బాగానే ఉంది, పంపించెయ్ అని. పొగిడాడని ఇంట్లో చెప్పుకోకండి. పొగడాలనుకుంటే అతను ‘ఫైన్ వర్క్’ అనేవాడు. మెచ్చుకోవలసింది మీరే అయితే వాక్యం చివర ‘ఫైన్’ జోలికే పోకండి, ‘వండర్‌ఫుల్’, ‘లవ్‌లీ’, ‘ఎక్సలెంట్’, ఏదైనా సరే.

ఆరోగ్యం అడిగినప్పుడు ‘ఐ యామ్ ఫైన్’ లో మాత్రం ఈ ‘నే’ గురించి బాధపడకండి. అది మన “బాగున్నా” కి సరిపోతుంది. కానీ దానికి ‘వెరీ’ తగిలించకండి. ‘ఐ యామ్ వెరీ ఫైన్’ అని మనవాళ్లు ఎంత ప్రేమగా అంటారో, అవతలివాళ్లకి అంత ఎబ్బెట్టుగా వినిపిస్తుంది. ‘వెరీ ఫైన్’ జల్లెడ వైపు మాట: చాలా సన్నని ఇసుక, చాలా మెత్తని పొడి. ఒంటికి ‘వెరీ వెల్’ అనండి, లేదా ‘జస్ట్ ఫైన్’, ‘పర్‌ఫెక్ట్‌లీ ఫైన్’.

అమెరికా అమ్మలకి నేను రాయించే వాక్యం వేరే ఉంది. ఇంటికొచ్చిన అమెరికా పిల్లని టీ తాగుతావా అని అడుగుతారు. ఆ పిల్ల నవ్వుతూ ‘ఐ యామ్ ఫైన్, థ్యాంక్స్’ అంటుంది. మన అమ్మ, బాగున్నానంటోంది, సంతోషం, అనుకుని టీ పెట్టడానికి లోపలికి పోతుంది. ఆ పిల్ల అన్నది “వద్దండీ” అని. తినడానికో తాగడానికో ఏదైనా ఇవ్వబోయినప్పుడు ‘ఐ యామ్ ఫైన్’, ‘ఐ యామ్ గుడ్’ అంటే అక్కర్లేదు అనే అర్థం. అడిగింది ఒకటి, చెప్పింది ఇంకొకటి అనిపిస్తే అది వద్దు అన్నట్టే. మన వద్దు కీ వాళ్ల వద్దు కీ ఇంకో తేడా కూడా ఉంది. మనం మొదట వద్దంటాం, రెండోసారి బతిమాలితే పర్వాలేదంటాం, మూడోసారి తాగుతాం. ఆ పిల్లలు మొదటిసారి వద్దంటే వద్దే. ఇది ఎన్నిసార్లు చెప్పినా మా అమ్మలు నమ్మరు. “ఒక్క గ్లాసు తాగితే ఏమైతది” అంటారు.

నర్సు పిల్లలకి మళ్లీ దీనికి తిరగేసి చెబుతాను. మంచం మీదున్న రోగి ‘ఐ యామ్ ఫైన్’ అంటే నొప్పి లేదని కాగితం మీద రాసేయకండి. అది మర్యాదకి అన్న మాట కావచ్చు. నొప్పి సున్నా నుంచి పదిలో ఎంత అని అంకె అడగండి. ‘ఫైన్’ అన్న నోటితోనే ‘సెవెన్’ అని వస్తే ఏ మాట నమ్మాలో మీకే తెలుస్తుంది.

ఒంటరి ‘ఫైన్’ ఇంకొకటి. ముందు ఏమీ లేదు, వెనక ఏమీ లేదు, ఒక్క మాట, తర్వాత చుక్క. అది ‘సరే’ కాదు, “సరేలే”. ‘దట్స్ ఫైన్’, ‘ఫైన్ విత్ మి’ అంటే మనస్ఫూర్తిగా ఒప్పుకున్నట్టు. ఉత్త ‘ఫైన్’ అంటే వాదన ఆగింది, కోపం ఆగలేదు. మెసేజ్‌లో చుక్కతో సహా వచ్చిందంటే ఫోన్ చేయడం మంచిది.

వెటకారానికీ ఈ మాట బాగా పనికొస్తుంది. ‘ఎ ఫైన్ ఫ్రెండ్ యూ ఆర్’ అంటే “బాగుందిరా నీ స్నేహం”. ‘ఎ ఫైన్ మెస్’ అంటే “ఘనకార్యం చేశావ్ పో”. ఇది నేర్పనక్కర్లేదు, మన నాలుకకి పుట్టుకతోనే వచ్చు.

జరిమానా ‘ఫైన్’ కీ ఈ ‘ఫైన్’ కీ చుట్టరికం ఉందా అని ప్రతి బ్యాచ్‌లో ఒకరు అడుగుతారు. ఉంది. రెండూ లాటిన్ ‘ఫినిస్’ అనే మాట నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చినవే. ఫినిస్ అంటే ముగింపు, హద్దు. డబ్బు కట్టి తగవు ముగించుకుంటే ఆ డబ్బు ఫైన్. ఒక పనిని ముగింపుదాకా తీర్చిదిద్దితే ఆ పని ఫైన్. ఫినిష్, ఫైనల్, మన వంటింట్లో రిఫైన్డ్ నూనె, అన్నీ ఆ ఇంటి పిల్లలే. వాడేటప్పుడు ఒక్కటి చూసుకోండి: జరిమానా అయితే ముందు ‘ఎ’ తగిలించాలి. ‘ఐ పెయిడ్ ఎ ఫైన్’. ఫైన్ వేశారు అనేదాన్ని మాటకి మాట మార్చి ‘దే పుట్ ఫైన్’ అంటుంటారు మా కుర్రాళ్లు. ‘దే ఫైన్డ్ మి’ అంటే చాలు.

బంగారం దగ్గర ఎదురు మాట కలుపు, కల్తీ. అందుకే అక్కడ ఫైన్ అంటే సన్నమూ కాదు, బాగానే ఉందీ కాదు, మేలిమి. నగ మీద హాల్‌మార్కులో 916 అని చూసే ఉంటారు. వెయ్యి పాళ్లలో 916 పాళ్లు అసలు బంగారం, అంటే 22 క్యారెట్లు. 750 ఉంటే 18 క్యారెట్లు. ఆ లెక్క పేరే ‘ఫైన్‌నెస్’. మేలిమి అనే తెలుగు మాట ఎంత చక్కగా కుదిరిందో చూడండి, నాకైతే ఇంగ్లీషు కంటే అదే ఇష్టం. ‘ఫైన్ ఆర్ట్స్’ ని లలిత కళలు అన్నవాళ్లకీ దండం పెట్టాలి.

క్రికెట్ చూసే కుర్రాళ్లకి ‘ఫైన్ లెగ్’ ఒక్క నిమిషంలో అయిపోతుంది. ఎదురు మాట ‘స్క్వేర్’. స్క్వేర్ అంటే పిచ్‌కి అడ్డంగా, ఫైన్ అంటే బ్యాట్స్‌మన్ వెనక, పిచ్ గీతని పొడిగిస్తే దానికి దగ్గరగా. బంతి ‘ఫైనర్’ గా పోయిందంటే కీపర్ వైపుకి ఇంకా దగ్గరగా పోయిందని.

‘ఫైన్ ప్రింట్’ అంటే కాగితం అడుగున చీమల బారులా ఉండే షరతులు. ‘ఫైన్ లైన్’ అంటే రెండింటి మధ్య వెంట్రుకవాసి తేడా. ‘కటింగ్ ఇట్ ఫైన్’ అంటే రైలు కదలబోతుండగా స్టేషన్‌లో అడుగు పెట్టడం, మా బావ చిన్నప్పటినుంచీ చేసే పని. ‘ఫైన్ టూత్ కోంబ్’ అంటే పేల దువ్వెన. లెక్కల పుస్తకాన్ని దానితో దువ్వారు అంటే, ఒక్క పైసా వదలకుండా వెతికారని.

ఇక నాకు పడని వాడకం ఒకటి చెప్పే తీరాలి. ‘వన్ ఫైన్ డే’, ‘వన్ ఫైన్ మార్నింగ్’. ఇంటర్వ్యూ నేర్పమని వచ్చిన ప్రతి కుర్రాడూ దీంతోనే మొదలుపెడతాడు. తప్పు కాదు, ఒకానొక రోజు అని అర్థం. కానీ “వన్ ఫైన్ డే మా తాత పోయాడు సార్” అంటే వినేవాడు ఎటు చూడాలి? ఎదురు మాట పెట్టి చూడండి: ఆ రోజు ఫైన్ కాకపోతే కథ ఏమైనా మారేదా? మారకపోతే ‘వన్ డే’ అని ఊరుకోండి.

ఇంకొక్క చిన్న విషయం. ‘ఫైన్’ రూపం మారకుండానే క్రియకీ పనిచేస్తుంది: ‘ది మిక్సీ ఈజ్ వర్కింగ్ ఫైన్’, ‘ఐ స్లెప్ట్ ఫైన్’. అక్కడ వ్యాకరణం గుర్తొచ్చి ‘ఫైన్‌లీ’ అన్నారో, మిక్సీ సన్నగా తరిగినట్టు పనిచేస్తోందని అర్థం వస్తుంది.

ఇంటి దగ్గర సాధన చెయ్యాలంటే వారం పాటు ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. టీవీలో, ఫోన్‌లో, ప్యాకెట్ల మీద, ఆఫీసులో ‘ఫైన్’ ఎక్కడ తగిలినా వాక్యం మొత్తం రాయండి. పక్కన ఎదురు మాట తెలుగులో రాయండి. దొడ్డు, వాన, జబ్బు, కల్తీ, అడ్డం, కావాలి. తర్వాతే అసలు అర్థం రాయండి. మా అమ్మలకి ఇదే హోంవర్క్. విమానం ఎక్కాక కూడా కొందరు రాస్తూనే ఉంటారు.

మొన్న న్యూజెర్సీ నుంచి ఒకావిడ వాయిస్ మెసేజ్ పెట్టింది. “మేడం, పొద్దుగాల నేను వాళ్ల ఫ్రిజ్ మొత్తం నా తీరుగ సర్దిన. కోడలు చూసి ‘ఇట్స్ ఫైన్, అత్తమ్మా’ అన్నది. పుస్తకంల రాసుకున్న గని, పక్కన ఎదురు మాట ఏం రాయాలె?”

అన్న తర్వాత ఫ్రిజ్ తలుపు ఎట్ల వేసిందో చెప్పు వదినా, అప్పుడు చెప్తా అని జవాబు పెట్టాను. ఇంకా ఏమీ రాలేదు.